సీసాలో బుడగలు

నిన్న పక్కింటి పెద్దాయనను చూడబోతే, ఆయన ఆక్సిజన్ మిషన్ సీసాలో నీళ్లు బుడబుడమంటున్నాయి. ఇబ్రహీంపట్నం దవాఖాన గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. చేపలు పట్టే మా తాత అక్కడి మంచం మీద ముక్కుకు గొట్టంతో ఆయాసపడుతున్నాడు; పక్కన గోడకు ఇలాంటి సీసాలోనే బుడగలు. బాపు మందులకు పోయాడు. "నీళ్లల్ల బుడగలు లేస్తున్నయంటే కింద ఎవలదో ఊపిరి పోతున్నట్టే" అని చెరువు దగ్గర తాతే చెప్పేవాడు. ఆయన ఊపిరంతా గొట్టంలోంచి ఆ సీసాలోకి పోతోందనుకుని, సీసా మీది మర తిప్పి కట్టేశాను. బుడగలు ఆగాయి. సంతోషంగా ఇటు తిరిగితే తాత పెదవులు నల్లబడుతున్నాయి.

నా కేకకు నర్సక్క పరుగున వచ్చి మర మళ్లీ తెరిచింది, తాతను లేపి దిండుకు ఆనించింది. "గా బుడగలు పోయే ఊపిరి కాదు బిడ్డా, తాతకొచ్చే ఊపిరి" అంది.

నేను చేసిన పని బాపుకు ఆమె చెప్పలేదు. తాత కోలుకుని మళ్లీ చెరువులో వల వేశాడు. నిన్న ఆ పెద్దాయన దగ్గర మాత్రం, లేచి ఇంటికి వచ్చేదాకా నేను చేతులు కట్టుకునే కూర్చున్నాను.