డెమో క్లాసు, మూడో బెంచి

నాకు కోపం జల్ది వస్తది. ఇరవై రెండేండ్ల నుంచి లెక్కలు చెప్తున్న. పొద్దున నా మొఖం చూసి, హోంవర్కు చూపియ్యాల్నా, కడుపునొప్పని ఇంటికి పోవాల్నా పిల్లలు తేల్చుకుంటరు. మా ఇంటాయన కూడ నేను బడికెల్లి రాంగనే ముందు చాయ ఇచ్చి, సగం తాగినంకనే మాట మొదలువెడ్తడు. గట్లాంటి నేను ఒక పిల్ల నోరు మూయించిన. కోపంతోని కాదు, భయంతోని. ఆ ముచ్చట ఒక్కసారి తప్ప మల్ల ఎవ్వలికి చెప్పలే.

పోయిన యాడాది సిద్దిపేటల మాకు ఐదు రోజుల ట్రైనింగ్ వెట్టిన్రు. చురుకైన పిల్లల్ని ఎట్ల గుర్తువట్టాలె, గుర్తువట్టినంక వాళ్లకు ఏం చెయ్యాలె అన్నది విషయం. ట్రైనింగులు మాకు కొత్తనా? పొద్దున సంతకం, పదకొండుకు చాయ, ఒంటిగంటకు అన్నం, నడుమ నడుమ ఫోన్. నలభై మందిమి గట్లనే పోయి కూసున్నం. గని ఈసారి చెప్పనీకె వచ్చిన సారు వేరే తీరు మనిషి. రిటైర్మెంట్ దగ్గర వడ్డ పెద్దాయన. గొంతు లేవదు, ఊకె నవ్వడు. మొదటి రోజే అడిగిండు: "మీ క్లాసుల అందరికంటె ముందు లెక్క అయిపోగొట్టే పిల్లకు, తర్వాత మీరేం పని చెప్తరు?"

"మిగతా పిల్లల నోట్సులు దిద్దమంట" అన్నడు ఒకాయన. "మాట్లాడేటోళ్ల పేర్లు బోర్డు మీద రాయమంట" అన్నది ఇంకొకామె. నేను ఊకుంటనా, "స్టాఫ్ రూమ్‌కెల్లి చాక్‌పీసులు తెమ్మంట" అన్న. అందరు నవ్విన్రు. సారు నవ్వలే. "అంటే ఆ పూట ఆ పిల్లకు కొత్తది ఏం నేర్పనట్టే కదా మేడం" అన్నడు. నాకు సుర్రుమన్నది. గీయన ఎన్నడన్న యాభై మందిని ఒక్క గదిల కూసోవెట్టి పాఠం చెప్పిండా అని మనసుల అనుకున్న.

మూడో రోజు డెమో క్లాసు ఉంటదన్నరు. మా బడి చంద్లాపూర్ దిక్కు, దగ్గరనే గదా అని మా పిల్లల్నే తీస్కరమ్మన్నరు. ఎనిమిదో తరగతికెల్లి ఇరవై మంది. నేను పాఠం చెప్పాలె. మిగతా టీచర్లు ఎనక కూసోని పిల్లల్ని చూడాలె, ఎవ్వలు ఎట్లున్నరో రాయాలె. అవి చూసి, తను చూసింది కలుపుకొని సారు పేర్లు తేలుస్తడు. ఆ పేర్లోళ్లకు ఏడాది పొడుగూత ప్రతి శనివారం సిద్దిపేటల కాలేజీ లెక్చరర్లు లెక్కలు చెప్తరు. లిస్టు అదే రోజు నాలుగింటికి ఆఫీసుకు పోవాలె.

ఆ లిస్టుల ఎవ్వల పేరు ఉండాల్నో నాకు ముందే తెలుసు. మూడో బెంచిల కూసునే పిల్ల. నాయిన కల్లు గీయనీకె తాళ్లెక్కుతడు, అవ్వ కూలికి పోతది. ఆ పిల్ల నోట్సు తెరిస్తే లెక్క ఉంటది, జవాబు ఉంటది, నడుమ ఖాళీ. మొదట్ల కాపీ కొట్టిందని తిట్టిన, బయట నిలవెట్టిన. తర్వాత అర్థమైంది, కాపీ కొట్టాలంటే పక్కనున్నోళ్లకు జవాబు రావాలె గదా. వానకాలం నుంచి బడికి వచ్చుడు తక్కువ చేసింది. ట్రైనింగ్ మొదటి రోజు సాయంత్రం వాళ్లవ్వ వచ్చి నా ముందట నిలవడ్డది. "బడికి పొమ్మంటే పోత లేదు మేడం. వచ్చినయే మల్ల మల్ల చెప్తున్నరంటది. ఇంట్ల ఊకె కూసునుడు ఎందుకని నాతోని కూలికి తోల్కపోతున్న. మీకాడ కొత్తయి ఏమన్న ఉంటే చెప్పున్రి, లేకుంటే మాన్పిస్త."

నాకాడ ఏమున్నయ్ కొత్తయి? శనివారం క్లాసు సంగతి చెప్పిన. "పేరు వస్తే పంపుత" అన్నది. "రాకుంటే ఇగ దాన్ని నేను బతిలాడ." అంటే గంతే. పేరు వస్తే పిల్ల బడిల ఉంటది, రాకుంటే కలుపు తీయనీకె పోతది.

డెమోకు ముందు రోజు, ట్రైనింగ్ ఇడువంగనే బడికి పోయి, ఆ ఇరవై మందిని పిలిపించి రిహార్సల్ వెట్టిన. పెద్ద సార్లు చూడనీకె వస్తున్నరంటే మేమందరం చేసేదే గది. తెలిసినోళ్లు కుడి చెయ్యి లేపాలె, తెల్వనోళ్లు ఎడమ చెయ్యి లేపాలె. చూసేటోళ్లకు క్లాసంతా చేతులు లేపినట్టే కనవడ్తది. మనం కుడి చేతులోళ్లనే అడుగుతం. మా సార్లు మాకు నేర్పిన్రు, మేం మా పిల్లలకు నేర్పినం.

పాఠమేమో బొమ్మల లోపలి కోణాల మొత్తం. నాలుగు భుజాల బొమ్మ, ఐదు భుజాల బొమ్మ, ఆరు భుజాల బొమ్మ గీయాలె. ఒక మూలకెల్లి గీతలు కొట్టి త్రిభుజాలు చెయ్యాలె. అవి లెక్కవెట్టి, పట్టిక నింపి, మెల్లగ సూత్రం రాబట్టాలె. నలభై నిమిషాల పని. రంగురంగుల చార్టులు కూడ చేసి పెట్టుకున్న. మొదటి బొమ్మ గీసిన్నో లేదో మూడో బెంచికెల్లి చెయ్యి లేచింది.

"టీచర్, గిన్ని గీతలెందుకు? పొలం గట్టు మీద నడుస్తున్నం అనుకోన్రి. మూల వచ్చినప్పుడల్ల జరంత తిరుగుతం. చుట్టు నడిచి మొదలువెట్టిన జాగకు వచ్చి, ముందు చూసిన దిక్కే చూసేసరికి మొత్తం ఒక్క చుట్టే తిరిగినట్టు. నాలుగు మూలల పొలమైనా, పది మూలలదైనా ఒక్క చుట్టే. మూలకాడ మనం తిరిగింది, లోపలి కోణం కలిపితే నూట ఎనభై. అన్ని మూలలవి కలిపి, గా ఒక్క చుట్టు తీసేస్తే అయిపాయె."

నా డెమో ఖతం. బయటి కోణాల మొత్తం మూడు వందల అరవై అని నాకు తెల్వదా అంటే తెలుసు, పుస్తకంల ఉన్నది. ఎందుకట్ల అని నన్ను ఎవ్వలు అడగలే, నేను అడుక్కోలే. పిల్లలేమో లేచి గట్ల మీద నడిచినట్టు బెంచీల చుట్టు తిరుగుడు షురూ చేసిన్రు. రేపు నలభై మంది ముందట ఈ పిల్ల మొదటి నిమిషంలనే గిట్ల చెప్తే మిగిలిన టైమంత నేనేం చెయ్యాలె? ఇంకేమన్న అడిగితే ఏం మొఖం వెట్టుకోని నిలవడాలె?

"రేపు నువ్వు మంచిగ ఊకె కూసో" అన్న.

"నేను ఏ చెయ్యి లేపాలె టీచర్, కుడిదా?"

"ఏ చెయ్యి లేపకు."

"తెలిసినా?"

"తెలిసినా."

తల ఊపింది. పాఠం అయినంక ఈ పిల్ల సంగతి సారు చెవుల వేస్త, పేరు నేనే రాయిస్త అని నాకు నేను చెప్పుకున్న. గట్ల చెప్పుకుంటే ఇంటికి పోయేదాక జర నిమ్మళంగనే ఉండె.

మర్నాడు డెమో మంచిగ నడిచింది. అడిగినప్పుడల్ల చేతులు లేచినయి, కుడి చేతులోళ్లు టకటక చెప్పిన్రు. మూడో బెంచి పిల్ల రెండు చేతులు తొడల కింద పెట్టుకోని కూసున్నది. నేను ఆ దిక్కు చూడకుంట బోర్డు కాడనే తిరిగిన. నడుమ సారు ఎనకకెల్లి అడిగిండు: "వంద భుజాలుంటే ఎట్ల?" ఇది రిహార్సల్‌ల లేని ప్రశ్న. ఒక్క చెయ్యి లేవలే. ఆ పిల్ల నా దిక్కు చూసింది. చెప్పాల్నా అని అడుగుతున్నట్టే చూసింది. నేను మొఖం తిప్పుకొని చార్టు సదురుకున్న. క్లాస్ ఫస్ట్ వచ్చే పిలగాడు వేళ్ల మీద లెక్కవెట్టుకుంట, తడవడుకుంట, తొంభై ఎనిమిది త్రిభుజాలన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.

పిల్లల్ని బయటికి పంపి, టీచర్లు రాసినయి ఒక్కొక్కటి చదివిన్రు. మూడో బెంచి పిల్లకు ధ్యాస లేదు అని ఒకాయన చదివిండు. ఒక్క ప్రశ్నకు కూడ కదల్లేదు అన్నది ఒకామె. వెనుకబడిన పిల్ల, విడిగ మొదటికెల్లి చెప్పాలె అని ఇంకొకామె రాసింది. కింద గీత కూడ గీసింది. సారు ఇద్దరి పేర్లు చదివిండు. ఆ ఫస్ట్ పిలగాడు, మొదటి బెంచిల ఒక ఆడపిల్ల. "క్లాస్ టీచర్‌గ మీరేమంటరు మేడం? ఇంకెవ్వలన్న ఉన్నరా?"

నోటి దాక వచ్చింది. చెప్తే అన్నీ చెప్పాలె. ఆ కుడి చెయ్యి సంగతి, ఎడమ చెయ్యి సంగతి, ఆ పిల్లకు ఏ చెయ్యి లేకుంట చేసిన సంగతి. ఇంతమంది ముందట నా పరువేం గావాలె? "మీరన్నదే కరెక్ట్ సార్" అన్న.

అన్నం కాడ పిల్లలు వరుసల కూసున్నరు. ఆ పిల్ల పళ్లెం పట్టుకోని నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, మంచిగ కూసున్ననా?"

శాబాష్ అంటనేమోనని నా మొఖం దిక్కే చూస్తుంది. చేతిల ముద్ద పళ్లెంల వేసిన. ఇరవై రెండేండ్లల్ల నన్ను ఎంతమంది ఎన్ని మాటలన్నరో, ఏ మాట కూడ నన్ను గట్ల కొట్టలే. పళ్లెం ఆడనే వెట్టి, చెయ్యి కడుక్కోకుంటనే సారు కాడికి పోయిన.

ఉన్నదున్నట్టు చెప్పిన. సారు చేతిల లిస్టు పక్కకు వెట్టిండు. "మూడు రోజుల నుంచి ఎట్ల గుర్తువట్టాల్నో చెప్తున్న" అన్నడు. "ఈ నలభై మందిల మీకొక్కరికే నా పాఠం అక్కర లేకుండె మేడం. మీరు ముందే గుర్తువట్టిన్రు. గుర్తువట్టి దాచిపెట్టిన్రు." నేను నేల చూపులు చూసిన. "మీ మాట మీద నేను పేరు రాయ. పిల్లను అందరి ముందటికి పిలువున్రి. నాలుగింటికి లిస్టు పోతది."

మూడు దాటినంక పిల్లను హాల్‌లకు తెచ్చిన్రు. సారు మెత్తగనే అడిగిండు, వంద భుజాల బొమ్మ సంగతి చెప్పు బిడ్డా అని. పిల్ల నా దిక్కు చూసింది. "చెప్పు" అన్న నేను. "నాకు రాదు సార్" అన్నది.

నన్ను కాపాడనీకె అబద్ధం చెప్తుందని నాకు తెలిసింది, ఇంకెవ్వలికి తెల్వదు. ఎనక గుసగుసలు మొదలైనయి. అప్పుడు చెప్పిన, అందరికి ఇనవడేటట్టు. "ఆమెకు వస్తది. నేనే చెయ్యి లేపొద్దన్న. నా పాఠం నాకంటె ముందు అయిపోగొడ్తదని భయపడి వద్దన్న." ఒకాయన కిసుక్కున నవ్వి మల్ల తల వంచుకున్నడు. ఆ గదిల పిల్లలకు కుడి ఎడమ నేర్పనోళ్లు ఎంతమందో నాకు తెల్వదా?

"ఇప్పుడు చెప్పు" అన్న పిల్లతోని. చెప్పలే. "చెప్పు" అన్న మల్ల. గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తుంది. ఇగ నా కోపం నా మాట ఇనలే. "చెప్పమంటే చెప్పవేందే" అని గట్టిగ ఒర్లిన. పిల్ల వణికింది. రెండు చేతులు ఎనకకు పెట్టుకున్నది. పిల్లను అయితే ఊకోమనుడు, లేకుంటే చెప్పమని ఒర్లుడు, నాకు ఈ రెండే వస్తయా అనిపించి సిగ్గయింది.

పక్కనున్న బెంచిల కూలవడ్డ. కొంచెంసేపటికి, నా గొంతు నాకే ఇనవడనంత మెల్లగ అడిగిన. "నిన్న గట్టు సంగతి చెప్పినవ్ గదా. గట్టు ఒక కాడ లోపలికి వంగింది అనుకో. బావి అడ్డమొచ్చి పొలం లోపలికి తిరిగింది. అప్పుడు కూడ ఒక్క చుట్టేనా? నాకు తెల్వదు బిడ్డా. నిజంగనే తెల్వదు."

పిల్ల నన్ను చూసింది. పరీక్ష వెడ్తున్ననా, నిజంగ అడుగుతున్ననా అని తేల్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత చేతులు ముందటికి వచ్చినయి. నేల దిక్కు చూసుకుంట టీచర్ల కుర్చీల నడుమకెల్లి నడుసుడు షురూ చేసింది. ఒక మూల తిరిగింది, ఇంకో మూల తిరిగింది, ఒకాయన కుర్చీ కాడ లోపలికి మళ్లింది, ఆగింది. ఎనకకు పోయి మల్ల నడిచింది. ఆయన కాళ్లు దగ్గరికి తీసుకున్నడు.

"ఈడ ఉల్టా తిరిగిన టీచర్" అన్నది. "మిగతావన్నీ ఒక దిక్కు, ఇదొక్కటి ఇంకో దిక్కు. దీన్ని కలుపొద్దు, తీసెయ్యాలె. తీసేస్తే మల్ల ఒక్క చుట్టే." గంతటితోని ఆగలే, సారు దిక్కు తిరిగింది. "సార్, మరి దారి దారినే దాటితే? ఎనిమిది అంకె లెక్క నడిస్తే?"

"అది శనివారం నాడు అడుగు" అన్నడు సారు. అనుకుంటనే లిస్టు ముందటికి గుంజుకున్నడు.

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దాచుకోలే. నాలుగింటికి పది నిమిషాలున్నది. ముగ్గురికి మూడు ఫారాలు నింపి సంతకం వెట్టాలె. కింద ఒక గడి ఉన్నది, ఈ విద్యార్థి ప్రతిభకు తరగతి ఉపాధ్యాయులు ఇప్పటివరకు అందించిన ప్రోత్సాహం అని. మొదటి రెండు ఫారాలల్ల చెయ్యి దానంతటదే రాసింది, ప్రత్యేక శ్రద్ధ, అదనపు అభ్యాసాలు అని. వాటిల ఒక్కటి నిజం లేదు. మూడో ఫారం కాడ పెన్ను ఆగింది.

పిల్ల నా భుజం పక్కన నిలవడి చూస్తుంది. నేను రాసిన: తెలిసినా చెయ్యి లేపొద్దని చెప్పిన.

పిల్ల మెల్లగ చదువుకున్నది. "గది రాయకున్రి టీచర్" అన్నది చెవుల. "ఆఫీసుల మిమ్మల్ని తిడ్తరు."

"తిట్టనీ" అన్న. సంతకం వెట్టి ఫారం సారుకిచ్చిన.