మొన్నటి బుట్ట

ఆ నర్సరీకి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది ఆయా, సాయంత్రం అందరికంటే ఆఖరున పోయేదీ ఆయాయే. పంతొమ్మిదేళ్లుగా తలుపు తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. ఈ పంతొమ్మిదేళ్లలో ఆరుగురు టీచర్లు మారారు, గోడల రంగు నాలుగుసార్లు మారింది. పెరటి కుళాయి మాత్రం అప్పుడూ కారుతూనే ఉంది, ఇప్పుడూ కారుతూనే ఉంది. ఆఫీసు కాగితాల్లో ఆమె పని గురించి ఎవరో ఎప్పుడో ఒక వాక్యం రాశారు: "ఊడ్చుట, కడుగుట, పిల్లల ముక్కులు తుడుచుట వగైరా." ఆ వగైరాలో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

నర్సరీ ముంగిట్లో రెండు చెట్లున్నాయి. ఒకదాని ఆకు అరచెయ్యంత, ఇంకోదాని ఆకు చిటికెనవేలంత. పిల్లలు వాటిని చెయ్యాకు చెట్టు, వేలాకు చెట్టు అంటారు. అసలు పేర్లు పెద్దవాళ్లకీ తెలియవు కనుక అవే ఖాయమయ్యాయి. ఆకురాలు కాలం వచ్చిందంటే రెండూ పోటీపడి రాలుస్తాయి. రాత్రి పడుకుని లేచేసరికి ముంగిలి కనిపించదు. అప్పుడు ఆయా ఒక వింత పని చేస్తుంది. ఊడ్వదు. చీపురు గోడకి ఆనించి, వసారాలో ఎండ పడే చోట మూడు బుట్టలు వరసగా పెట్టి, మెట్టు మీద కూర్చుని పిల్లల కోసం చూస్తుంది.

ఆ మూడు బుట్టలు ఎలా వచ్చాయో చెప్పాలి. ఆమె చేరిన కొత్తలో ఒక పిల్లవాడు రోజంతా ఒకటే ఏడుపు: "అమ్మ నిన్న వస్తుందా?" అని. నిన్న రాదురా, సాయంత్రం వస్తుందిరా అంటే వాడికి ఎక్కేది కాదు. మూడేళ్ల పిల్లలకి గడిచిందంతా నిన్నే, గడవబోయేదీ నిన్నే. ఆయా తల్లి వీధులు ఊడ్చే మనిషి. చిన్నప్పుడు ఆమె వెనకాలే తిరుగుతూ ఆయా ఒక సంగతి నేర్చుకుంది: ఏ ఆకు ఎప్పుడు రాలిందో చీపురుకి తెలుస్తుంది. ఇవాళ్టి ఆకు బరువుగా జరుగుతుంది, పాతది ఎగిరి పారిపోతుంది. ఏడ్చే పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ సంగతే వాడి చేతిలో పెట్టింది.

అప్పటినుంచి అదే పద్ధతి. పొద్దున వస్తూనే ప్రతి పిల్లా ముంగిట్లోంచి కొత్తగా రాలిన ఆకులు రెండు ఏరి ఇవాళ బుట్టలో వెయ్యాలి. మర్నాటికి ఆ బుట్ట పక్కకి జరిగి నిన్న అవుతుంది, ఆ మర్నాటికి మొన్న. ఇవాళ్టి ఆకు వంగుతుంది, నిన్నటిది గుసగుసలాడుతుంది, మొన్నటిది పిడికిట్లో ముక్కలవుతుంది. పిల్లలు ఆకుని చెవి దగ్గర నలిపి, వైద్యుడు నాడి చూసినట్టు ముఖం పెట్టి, ఏ రోజుదో చెప్పేస్తారు. రేపు మాట వస్తే ఆయా బుట్ట చూపించదు, చెట్టు చూపిస్తుంది. పది గంటలకి మొన్నటి బుట్ట పెరటి గోతిలోకి, ముంగిలి చీపురు కిందకి. ఇదీ వగైరా.

చిన్న టీచరు వచ్చి రెండేళ్లయింది. చదువుకున్న పిల్ల, మంచిది, భయస్తురాలు. మొదట్లో ఇదేదో కాలక్షేపం అనుకుంది. పోనుపోను తన కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంటూ వచ్చింది. ఆమెకి ఆఫీసు నుంచి "ఆకురాలు కాలపు కృత్యాలు" అని ఒక పుస్తకమూ, అట్టపెట్టె నిండా గుడ్డ ఆకులూ వచ్చాయి. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో ఉన్నాయి. ఒక్కటీ మాసింది లేదు, పురుగు కొట్టింది లేదు.

ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చే ఆవిడని అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఒక శుక్రవారం చెప్పాపెట్టకుండా వచ్చింది. తొమ్మిదిన్నర. ముంగిట్లో చీలమండ దాకా ఆకులు, వాటి మీద బోర్లాపడి పిల్లలు, మెట్టు మీద కూర్చుని ఆయా.

"ఊడ్వలేదేం?" అంది.

"పదింటికి ఊడుస్తానమ్మా, పిల్లల పని అయ్యాక."

"పిల్లల పని టీచరు చూసుకుంటుంది. నీ పని సంగతి చెప్పు."

వెళ్తూ వెళ్తూ ఒక కాగితం రాసిచ్చింది. వచ్చే శుక్రవారానికి ముంగిలి అద్దంలా ఉండాలి. పంపిన సామగ్రితోనే కృత్యం చేయించాలి. ఆయా తరగతి సంగతుల్లో కలగజేసుకోకూడదు. ఇందులో ఏది తప్పినా ఊడ్చే పని గుత్తకిస్తారు. గుత్త మనిషి అరగంటలో ఊడ్చి పోతాడు, ఆయాతో అవసరం ఉండదు.

ఆ కాగితాన్ని ఇంట్లో కోడలు చదివి వినిపించింది. కోడలు బట్టల కార్ఖానాలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. రోజుకి రెండు వందల కాలర్లు కుట్టే చెయ్యి, మాట కూడా కత్తిరించినట్టే ఉంటుంది.

"అత్తయ్యా, ఊడ్వనందుకు ఇన్నాళ్లు జీతం ఇచ్చారు చూడండి, వాళ్లని మెచ్చుకోవాలి. ఆ నాలుగు ఆకులూ ఊడ్చిపారేస్తే పోయేదేముంది?"

"మొన్న పోతుందే."

"మొన్న ఎప్పుడో పోయింది కదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక కోడలు కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. ఆయాకి యాభై ఏడు. ఈ వయసులో బయటికి పంపిస్తే ఇంకోచోట ఎవరు పెట్టుకుంటారన్నది ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. "ఒక్క శుక్రవారం, అత్తయ్యా. ఆ ఒక్కరోజు నోరు కుట్టేసుకోండి" అని మాత్రం అంది కోడలు.

శుక్రవారం వచ్చింది. ఆయా గంట ముందే వెళ్లి ఊడ్చింది. ఊడ్చిందంటే మామూలుగా కాదు, పగబట్టినట్టు ఊడ్చింది. చీమ నడిస్తే జారిపడేలా చేసింది. కోపం అక్కడితో ఆగితే బాగుండేది. మూడు బుట్టలూ పట్టుకెళ్లి, ఊడ్చిన ఆకులు పోసిన పెరటి గోతిలోనే ఒకేసారి గుమ్మరించి, గోడ పక్కన బోర్లించేసింది. చిన్న టీచరు వచ్చి చూసి, "బుట్టలు కూడానా?" అంది. "అద్దంలా ఉండాలన్నారు, ఉంచాను" అంది ఆయా, ముఖం చూడకుండా.

తరగతి గదిలో పెద్ద మేడమ్ పిల్లల కుర్చీలోనే సర్దుకుని కూర్చుంది. చిన్న టీచరు గుడ్డ ఆకులు పంచింది. ఎర్ర ఆకు చూపించండి అంటే చూపించారు. పసుపు ఆకులు లెక్కపెట్టండి అంటే లెక్కపెట్టారు. అంతా పుస్తకంలో ఉన్నట్టే నడుస్తోంది. అంతలో నాలుగేళ్ల పిల్ల ఒకతి, బడంతా గడుగ్గాయి అని పిలిచేది, తన ఆకుని చెవి దగ్గర పెట్టుకుని నలిపింది. చప్పుడు లేదు. పిడికిలి విప్పితే ఆకు మళ్లీ విచ్చుకుంది.

"టీచర్, ఇది ఎప్పుడు రాలింది?"

చిన్న టీచరు పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. పక్కవాడు వంగుతోంది కాబట్టి ఇవాళే అన్నాడు. ఇంకొకడు పసుపుగా ఉంది కాబట్టి మొన్న అన్నాడు. గదిలో రెండు పార్టీలు లేచాయి. ఈ తగువు తీరాలంటే బుట్టలు చూడాలి కదా, గడుగ్గాయి లేచి వసారాలోకి నడిచింది. బోర్లా పడి ఉన్న బుట్టలు చూసింది. మూలన చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయాని చూసింది.

"ఆయమ్మా, మొన్న ఏది?"

పెద్ద మేడమ్ కూడా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి పోమ్మా అంటే సరిపోతుంది. ఆ రెండు మాటలతో ఉద్యోగం నిలుస్తుంది, ఇంట్లో కోడలు నిశ్చింతగా కాలర్లు కుట్టుకుంటుంది. ఆయాకి అదంతా తెలుసు. కానీ ఆ పిల్లకి మొన్న అనేది ఒకటి ఉంటుందని చెప్పింది తనే, దాన్ని గోతిలో పారేసిందీ తనే. చీపురు గోడకి ఆనించింది.

"పారేశాను తల్లీ. తప్పయింది. గోతిలో ఉంది, రా, వెతుకుదాం."

ఒకతి వెళ్తే మిగతావాళ్లు ఉంటారా? ఇరవైరెండు మంది గోతి చుట్టూ చేరారు. అందులో అన్నీ కలగాపులగం. పిల్లలు దోసిళ్లతో తీసి, వంచి, నలిపి, చెవి దగ్గర పెట్టుకుని మూడు కుప్పలు పోయడం మొదలుపెట్టారు. ఆయా బుట్టలు తెచ్చిపెట్టింది, అంతే. పెద్ద మేడమ్ కాసేపు చూసి, కుప్పలోంచి ఒక ఆకు తీసి గడుగ్గాయి ముందు పెట్టింది. పిల్ల దాన్ని మెల్లగా నలిపి, "నిన్న" అంది. ఇంకొకటి ఇస్తే, "ఇది మొన్న. మొన్న మా నాన్న వచ్చాడు" అంది.

"ఎవరు నేర్పారు నీకిదంతా?" అని పెద్ద మేడమ్ ఆయాని అడిగింది. గొంతులో మెప్పూ లేదు, కోపమూ లేదు.

"ఊడ్చేవాళ్లకి తెలుస్తుందమ్మా. పిల్లలకి నిన్న అని చెబితే ఎక్కదు, చేతిలో పెట్టాలి." బుట్ట పక్కకి జరిపి, "ఊడ్వనని ఎప్పుడూ అనలేదమ్మా. పదింటిదాకా ఆగమంటున్నాను" అంది.

పెద్ద మేడమ్ సంచిలోంచి ఒక పత్రం తీసి చిన్న టీచరుకి ఇచ్చి నింపమంది. అందులో రెండు గీతలున్నాయి. "కృత్యం నేర్పినవారు" ఒకటి, "సహాయకులు" ఇంకొకటి. చిన్న టీచరు కలం తీసింది. నోట్లో నాలుక లేదని అందరూ అనుకునే ఆ పిల్ల, మొదటి గీత మీద ఆయా పేరు రాసింది, రెండో గీత మీద తన పేరు రాసి సంతకం పెట్టింది. పెద్ద మేడమ్ చదివి, "తిరగేసి రాశావు" అంది. "లేదండీ" అంది చిన్న టీచరు. పత్రాన్ని తిరిగి ఆవిడ చేతికే ఇచ్చింది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. గుత్త మనిషిని పంపడం లేదు. ఆకులు రాలినన్నాళ్లు ముంగిలి పదకొండింటికి ఊడ్చినా చాలు. మూడు బుట్టల పద్ధతి బాగుంది, దాన్ని రూపొందించిన టీచరుగారికి అభినందనలు. ఆయా ప్రస్తావన చివర్లో ఉంది: "సహాయక సిబ్బంది యథాప్రకారం." చీపురు పట్టిన చేతికి ఆలోచన రాదనుకోవడం మన చదువుకున్నవాళ్ల పాత జబ్బు. అది ఒక్క పత్రంతో కుదిరేది కాదు.

చిన్న టీచరు ఉత్తరం పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. ఇది తప్పని మళ్లీ రాస్తానంది, ఆ సాయంత్రమే రాసింది కూడా. దానికి జవాబు ఇంకా రాలేదు.

"పేరు సంగతి నువ్వు చూసుకో తల్లీ," అంది ఆయా. "పదకొండింటిదాకా అని రాశారా లేదా, అది ఇంకోసారి చదువు."

చదివింది. పదకొండే. ఆమె అడిగింది పది, వచ్చింది పదకొండు. ఇంటికెళ్లి కోడలికి ఇదే ముందు చెప్పింది. "మీరు ఇంకో గంట ఊడ్వకుండా కూర్చుంటే మిమ్మల్నే మేడమ్ చేస్తారేమో అత్తయ్యా" అని కోడలు నవ్వి, మడతలు చిరిగిపోతున్న ఆ పాత కాగితాన్ని తీసి పొయ్యిలో వేసింది.

గుడ్డ ఆకుల గురించి పిల్లల తగువు మాత్రం ఉత్తరం వచ్చాక కూడా ఇంకో రోజు నడిచింది. ఏ బుట్టలో వేసినా అవి ఎండలేదు, గుసగుసలాడలేదు. చివరికి గడుగ్గాయే తేల్చింది. ఎర్ర గుడ్డ ఆకొకటి తెచ్చి, "ఆయమ్మా, ఇది ఇంకా రాలలేదు" అంది. ఆయా ఆ పిల్లని చంకనెత్తుకుని, వేలాకు చెట్టు కొమ్మకి దాన్ని దారంతో కట్టించింది. తర్వాత గడియారం చూసింది. పదకొండుకి ఇంకా పావుగంట ఉంది. మెట్టు మీద కూర్చుంది.