దీపం పెట్టాక వేసుకునే మాత్ర

మొన్న శనివారం సాయంత్రం మా మనవరాలు నా మందుల డబ్బా మూత తీసి "తాతా, సాటర్‌డే టాబ్లెట్ స్టిల్ హియర్ లా!" అని కేక పెట్టింది. వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా అది, మన వయసువాళ్ళ ఇళ్ళలో టీవీ పక్కన ఉండేదే, మీకు చెప్పక్కర్లేదు. ఉపవాసం కదమ్మా అని గొణిగాను గానీ, ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది. ఒకప్పుడు ఇదే మాట ఒక ఇల్లాలి నోట విని, దాన్ని మింగేసి, ఆవిడను జైలు గుమ్మం దాకా తీసుకెళ్ళినవాణ్ణి నేను.

ఇక్కడ సింగపూరులో, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు గుమాస్తాగా రిటైరయ్యాక, ఇంట్లో ఉంటే మా ఆవిడ చేతికి చీపురిస్తుందన్న భయంతో, కోర్టులో తెలుగు దుబాసీగా చేరాను. మా తాత కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాడు, మా ఇంటి తెలుగులో అరవమూ మలయ్ భాషా కలగాపులగం. అయినా తెలుగు దుబాసీలు దొరకడమే కష్టం గనుక నన్ను రానిచ్చారు. విన్నది విన్నట్టు చెబుతానని మొదటిరోజే ప్రమాణం చేయించారు.

ఆ ఇల్లాలు శ్రీకాకుళం వైపు నుంచి కోడలుగా వచ్చి టోవా పాయోలో కాపురముంటున్న మనిషి. గోడ అవతల పొరుగావిడ తన గురించే మాట్లాడుతోందని చెవిలో వినిపించే జబ్బు చేసి, ఒకనాడు వెళ్ళి ఆవిడ చెంప పగలగొట్టింది. జడ్జి అంటే శిక్ష వేసే మనిషని అంతవరకూ నా లెక్క. ఈ జడ్జిగారు, మా అమ్మాయి వయసు చైనీస్ ఆవిడ, జైలు బదులు ఏడాదిపాటు వైద్యం చేయించుకోమని ఆజ్ఞ వేసి, మధ్యమధ్య కోర్టుకు వచ్చి కనబడమన్నారు. వైద్యం తప్పితే మాత్రం మళ్ళీ జైలు మాట వస్తుంది.

మొదటిసారి వచ్చినప్పుడు, మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అని అడిగారు. "ఏసుకుంటన్నానన్నయ్యా, శనారం, సోమారం తప్పించి. ఉపాసం కదా, సుక్క నీళ్ళయినా తాగను" అంది ఆవిడ. శనివారం పాత అలవాటేనట, సోమవారం మాత్రం ఈ జబ్బు తగ్గాలని మొక్కుకుని కొత్తగా మొదలుపెట్టిందట. చూశారా అమాయకత్వం! జబ్బు తగ్గడం కోసమే మందు మానేస్తోంది. నేనేమో ఆవిడను మించినవాణ్ణి. మన ఉపవాసాల గొడవ ఆ చైనీస్ ఆవిడకు ఎందుకులే, విని జైల్లో పెడితే ఎవరికి నష్టం అనుకుని, రోజూ వేసుకుంటున్నారని ఇంగ్లీషులో ముగించేశాను. ఆవిడకు మేలు చేశానని ఆ రోజు ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను కూడా.

రెండు నెలలు తిరక్కుండా ఆవిడ అప్పడాల కర్రతో పొరుగు తలుపు బాదింది. మందు వాడుతూనే ఇలా చేస్తోందంటే వైద్యం వల్ల లాభం లేదు, జైలుకే పంపాలని ప్రభుత్వ లాయరు పట్టుబట్టాడు. వెనక బల్ల మీద ఆవిడ భర్త చేతులు జోడించుకుని కూర్చున్నాడు. నాకు గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

జడ్జిగారు కాగితాలు పక్కన పెట్టి, ఎండిపోయిన ఆవిడ పెదవుల వంక కాసేపు చూసి, "ఆంటీ, మకాన్ ఆల్రెడీ?" అని అడిగారు. తిన్నావా అన్న ఆ పలకరింపు తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు, దానికి దుబాసీ అక్కర్లేదు. ఆవిడ తల అడ్డంగా ఊపి, "నో మకాన్. మండే. ఫాస్టింగ్" అంది. మరి పొద్దుటి మాత్రో అన్నారు జడ్జిగారు. ఆవిడ నావైపు తిరిగి తెలుగులో, "అదేటన్నయ్యా, నీకు అప్పుడే సెప్పాను కదా" అంది.

ఆ మాటను ఇంగ్లీషులో చెప్పవలసినవాణ్ణి నేనే. ఒక్క క్షణం ఇంకేదో చెప్పేద్దామనిపించింది కూడా, దాచడమెందుకు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పి, తప్పు నాదేనన్నాను. జడ్జిగారు కోప్పడి ఉంటే బాగుండేది. "అంకుల్, ఏది చిన్న మాటో నేను చూసుకుంటాను, మీరు అన్నీ చెప్పండి" అన్నారంతే. మాత్రను సాయంత్రానికి మార్చవచ్చునేమో డాక్టరును అడగమన్నారు. డాక్టరు సరేనన్నాడు. ఆపైన ఉపవాసం రోజున దీపం పెట్టడం, మాత్ర, తర్వాతే పలహారం, అదే ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. జైలు తప్పింది. వేరే మనిషి లేక పిలిచారో, క్షమించి పిలిచారో గానీ, ఆఖరి రోజున కూడా దుబాసీని నేనే. ఆ రోజు జడ్జిగారు అడగకముందే ఆవిడ నవ్వుతూ "మకాన్ ఆల్రెడీ" అంది.

ఇప్పుడు చాలా పనులు తెర మీదే అయిపోతున్నాయి. మా క్లినిక్ అమ్మాయి కూడా పోయిన వారం ఫోన్ తెరలో కనబడి, మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అంకుల్ అని మర్యాదగానే అడిగింది. రోజూ వేసుకుంటున్నానని నేనూ అంతే మర్యాదగా చెప్పాను. అటువైపు ఆమె గడిలో టిక్కు పెట్టుకుంది. ఈసారి మధ్యలో దుబాసీ కూడా లేడు, అబద్ధం నేరుగా నాదే. ఆ అమ్మాయిని తప్పుపట్టను, అంత చిన్న తెరలో ఎవరి పెదవులు ఎండాయో ఎవరికి కనబడుతుంది?

మనవరాలు ఇంకా డబ్బా పట్టుకుని నిలబడే ఉంది. దీపం పెట్టేసి, మాత్ర ఇమ్మని చెయ్యి చాచాను. నీళ్ళ గ్లాసు అందిస్తూ అది నా మొహంలోకి చూసి, "తాతా, యూ ఈట్ ఆల్రెడీ ఆర్ నాట్?" అంది.