పానా చివర కన్నం

మా మామయ్యగారు కొత్త పనిముట్టు కొనగా ఇంట్లో ఎవరం చూడలేదు. పాత ఇనుము కొట్టులో తుప్పుపట్టిన వాటిని ఏరి తెచ్చి, ఒక్కోదానికి రెండో పని నేర్పుతారు. ఇనుము రుద్దే ఆకురాయి అరిగిపోతే దాని కొస ఉలి అయింది. పట్టకారు పిడి స్క్రూడ్రైవర్ అయింది. "నయం, నాకింకా కన్నం పెట్టలేదు," అంటుంది అత్తయ్య. ఫిట్టరు ఉద్యోగం అయిపోయినా, వరండాలో ఆ బల్ల ముందు కూర్చుంటే తప్ప ఆయనకు పొద్దు గడవదు.

మా పాప ఆ బల్ల దగ్గరికి వెళ్తే నా ప్రాణం గిలగిల్లాడేది. పదునైనవన్నీ పైన గోడకు తగిలిస్తానని ఆయన మాటిచ్చారు. తగిలించారు కూడా. కింద మిగిలింది ఒక్క పానా. నీళ్ల వాల్వు తలను కూడా తిప్పడానికి దాని పిడి చివర చదరంగా కన్నం చేశారు.

అరుపు విని పరిగెత్తేసరికి పాప చూపుడువేలు ఆ కన్నంలో ఉంది. కన్నానికి అవతల నడిమి కణుపు ఉబ్బి, వేలు వెనక్కి రావడం లేదు. సబ్బు రాశాం, నీళ్లు పోశాం. లాగిన కొద్దీ కేకలు పెరిగాయి. వేలు ఎర్రబడి, నల్లబడటం మొదలైంది.

ఆయన గ్రైండరు అందుకున్నారు. "క్షణంలో కోసేస్తానమ్మా."

"వద్దు మామయ్యగారూ! ఇనుము వేడెక్కితే వేలు ఉడికిపోతుంది."

"తడిగుడ్డ చుడతాను."

"పిల్ల కదిలితే?"

పాపను ఒళ్లో అదిమి పట్టుకున్న అత్తయ్య కసిరింది. "మీ వాదన తేలేలోపు దానికి పెళ్లీడొస్తుంది. ఏదో ఒకటి చెయ్యండి!"

కన్నం గుండ్రంగా ఉంటే సందు ఉండేది కాదు. చదరం కాబట్టి మూలల్లో వెలుతురు కనిపిస్తోంది. దారం ఒక కొసను మూలలోంచి అరచేతి వైపు దూర్చి, మిగతాది వాచిన కణుపు మీదుగా గోటిదాకా బిగించి చుట్టాను. ఇక అరచేతి వైపు కొసను విప్పుతూ పోతే, చుట్టు చుట్టుకూ పానా ముందుకు జరగాలి.

కాస్త జరిగింది. దారం పుటుక్కున తెగింది.

మళ్లీ చుట్టాను. మళ్లీ అక్కడే తెగింది.

"అంచు కోస్తోంది," అన్నాను.

ఆయన అంచు మీద బొటనవేలు నడిపారు. ఏ పనైనా పూర్తయిందని ఆ ఇంట్లో తేల్చేది ఆ వేలే. "నున్నగా ఉందే!"

నేను నా వేలు పెట్టాను. చురుక్కుమంది. చూపించాను. చిన్న నెత్తుటి బొట్టు. ఆయన నా వేలి వంక, తన బొటనవేలి వంక మార్చి మార్చి చూసుకున్నారు. ఏళ్ల తరబడి ఇనుము రుద్దిన ఆ చర్మం చెప్పులా మందంగా ఉంది.

"పట్టుకోండి. కదలనివ్వకండి," అన్నారు. సన్నటి ఆకురాయిని మూలలో పెట్టి అంచును ఒక్కో గీతగా రుద్దారు. పాప చర్మానికీ ఆకురాయికీ మధ్య కాగితం పట్టేంత జాగా ఉందో లేదో. ఆయన నుదుటి చెమట పానా మీద పడుతోంది. రుద్దిన ప్రతిసారీ ఆగి, "ఇప్పుడు చూడమ్మా," అని నా చేత తడిమించారు.

"ఇంకా ఉంది."

"ఇప్పుడు?"

"లేదు."

మూడోసారి దారం తెగలేదు. పానా కణుపు దాటి ఒక్కసారిగా జారి నేల మీద పడింది. పాప ఏడుపు ఆగలేదు కానీ, వేలిలోకి రంగు మెల్లగా తిరిగి వచ్చింది. ఆసుపత్రిలో ఎముకకేం కాలేదన్నారు.

తిరిగొచ్చాక ఇక పాపను వరండాలోకి పంపనని చెప్పడానికే వెళ్లాను. ఆయనే ముందు అన్నారు. "పిల్లను ఇటు రానివ్వకమ్మా."

గోడ మీదివన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"నువ్వు మాత్రం కూర్చో. ఒక్కోటీ తడిమి చెప్పు. నా వేలిని నమ్మలేను."

పట్టకారు తీసుకున్నాను. "గరుకే."

"ఇది?"

"ఇదీ గరుకే."

ఆయన ఆకురాయి అందుకున్నారు.