అబ్రహాము కాకా బంద్ చెయ్యని డిస్కు

ఖాళీ డిస్కు, ఇండ్ల ఏం లేదు అని చెప్పి అబ్రహాము కాకాను ఎల్లగొట్టిండట పటాన్‌చెరుల ఒక దుకాణపాయన. ఆ మాట యాదికొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతది. పదకొండేండ్ల ఈస్టరు పండుగలు ఉన్నయి ఆ డిస్కుల. వాడు కంప్యూటర్ల పెట్టిండు, కంప్యూటరు ఖాళీ అన్నది, వాడు కూడా ఖాళీ అన్నడు. కంప్యూటరు చెప్పిందే చెప్పేతందుకు మధ్యల నువ్వెందుకురా? తెల్వకపోతే తెల్వదని చెప్పు, నీ సొమ్మేం పోతది? ముసలాయన రెండు ఆటోలు మారి వచ్చిండు, కనీసం కూసోమని కుర్చీ కూడా ఎయ్యలేదట.

నా పేరు ఇమ్తియాజ్. ఇస్నాపూర్ల నాదొక ఫోటో స్టూడియో ఉన్నది. ఒకప్పుడు పెండ్లిళ్ళ వీడియోలు తీసేటోన్ని. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులు, ఎవరన్న పాత క్యాసెట్లో డిస్కులో తెస్తే వాటిని ఫోన్ల ఆడేటట్టు మార్చి ఇచ్చుడు, ఇదే పని. నాకు కోపం జెర ఎక్కువనే, మా ఇంటామె నస్రీన్ రోజూ అనేదే. గానీ ఈ ముచ్చట విన్నంక మీకు రాదేమో చూద్దాం.

అబ్రహాము కాకా బొల్లారంల మందుల కంపెనీల ముప్పై ఏండ్లు చేసిండు. పొద్దున షిఫ్టు, రాత్రి షిఫ్టు, కంపెనీ బస్సులనే సగం నిద్ర. ఆ పొడులు, ఆ నీళ్ళు పట్టి పట్టి గోర్లన్నీ పసుపుపచ్చగ అయినయి, రిటైరయి ఇన్నేండ్లయినా ఆ రంగు పోలేదు. ఇరవై ఏండ్ల సర్వీసు నిండిందని కంపెనీవాళ్ళు ఏదన్న ఒక వస్తువు తీసుకోమన్నరు. మిక్సీ తెమ్మని ఆయన భార్య మార్తమ్మ చెప్పి పంపింది. ఈయన డీవీడీ రికార్డర్ నెత్తిన పెట్టుకొని వచ్చిండు. టీవీల వచ్చేది, కెమెరాల తీసింది డిస్కు మీదికి ఎక్కించే పెట్టె అది. మార్తమ్మ వారం దినాలు మాట్లాడలేదు. పోయేదాక రోట్లనే పచ్చడి నూరింది, నూరినప్పుడల్లా రికార్డర్‌ను తిట్టింది.

రికార్డర్ ఎందుకయ్యా అంటే, ఈస్టరు కోసం. వాళ్ళ ఊరు రుద్రారం దాటి లోపలికి పోవాలె, పేరు చెప్పను, పంచాయితీ మళ్ళ లేస్తది. ఆ ఊరి చర్చి వెనకనే వాళ్ళ బొందలగడ్డ. ఈస్టరు ముందటి శనివారం ఎవరి సమాధికి వాళ్ళు సున్నం పూస్తరు. తెల్లారి పొద్దు పొడిచే యాళ్ళకు కొవ్వొత్తులు ముట్టించి, ఒక్కో సమాధి కాడ ఆ ఇంటోళ్ళు నిలబడి, అండ్ల పండుకున్న మనిషి పేరు, ఎవరి కొడుకో, ఏ ఇంటి కోడలో అందరికీ ఇనబడేటట్టు చెప్తరు. చెప్పినంక అందరూ ఆమెన్ అంటరు. ఇంకో సమాధి కాడికి పోతరు. పేరు చెప్పేటోళ్ళు లేని సమాధిని చూస్తే ఆ ఊరోళ్ళకు మనసు మనసుల ఉండదు. మా ఖబ్రస్తాన్ల గిట్ల పేర్లు చెప్పుడు లేదు, అందుకే నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

ప్రతి ఈస్టరుకు కాకా నా కెమెరా కిరాయికి తీస్కపోయి, మొదటి సమాధి నుంచి చివరిదాక తీసేటోడు. ఇంటికొచ్చి మూడు రంగుల వైర్లు పెట్టి డిస్కు మీదికి ఎక్కించేటోడు. ఎక్కించినంక రికార్డర్ ఒక మాట అడుగుతది, డిస్కును ఫైనలైజ్ చెయ్యాల్నా అని. అంటే డిస్కును బంద్ చేసుడు. బంద్ చేస్తే ఏ ప్లేయర్ల పెట్టినా ఆడుతది, గానీ ఇగ కొత్తది ఎక్కదు. ఈ సంగతి నేనే చెప్పిన ఆయనకు. ఒక్క నిమిషం ఆలోచన చేసి నవ్విండు.

"బంద్ చేస్తే వచ్చే ఏడు పోయినోళ్ళను యాడ పెట్టాలె బిడ్డా?"

అట్ల పదకొండేండ్లు ఒక్కటే డిస్కు, 2008 నుంచి 2018 దాక. ఎన్నడూ బంద్ చెయ్యలేదు. 2013ల వానకాలం మార్తమ్మ పోయింది, తర్వాతి ఈస్టరుకు ఆమె కూడా డిస్కుల చేరింది. 2018 తర్వాత రికార్డర్ కాలిపోయింది, డిస్కు బైబిల్ పెట్టెలకు పోయింది.

ఇగ అసలు ముచ్చటకొస్త. చర్చి పక్క భూమిని ఒక వెంచరు వాళ్ళు కొన్నరు. వాళ్ళకు రోడ్డు కావాలె. రోడ్డు రావాలంటే బొందలగడ్డల తూర్పు దిక్కు ముక్క కావాలె. అక్కడున్నయన్నీ కూలోళ్ళ సమాధులు, మట్టి దిబ్బలు, కట్టె సిలువలు. రాయి కట్టిన సమాధులన్నీ పడమటి దిక్కు ఉన్నయి, వాటిని ఎవడు ముట్టుకుంటడు? ఒక సోమవారం, అందరూ షిఫ్టులకు పోయిన టైము చూసి, జేసీబీ పెట్టి తూర్పు ముక్క సాపు చేసిన్రు. పద్నాలుగు సమాధులు. అండ్ల మార్తమ్మది ఒకటి.

కాకా పోయి మొత్తుకుంటే ఎవ్వరూ నోరు తెరవలేదు. వెంచరోళ్ళు చర్చికి కొత్త రేకుల షెడ్డు ఏసిస్తమన్నరట, దాంతోని అందరి నోర్లు మూతపడ్డయి. చర్చి కమిటీకి సెక్రటరీ చార్లీ అని ఒకడున్నడు. తూర్పు దిక్కు ఎన్నడూ ఏ సమాధీ లేదు, అది ఖాళీ జాగ అని సంతకం పెట్టి కాయితం ఇచ్చిండు. ఆ కాయితం జిరాక్సు నా దుకాణంలనే తీసిన, అప్పుడు నాకేం తెల్సు? తెలిస్తే ఆ మిషిన్ల వాని చెయ్యి పెట్టి మూత ఏసేటోన్ని.

కాకా అర్జీ పెట్టుకుంటే ఒక ఆఫీసరు సారు ఎంక్వయిరీ పెట్టిండు. నోటి మాటలు వద్దు, గురువారం లోపల రుజువు తేవాలె, లేకుంటే వెంచరోళ్ళను జాగ చుట్టూ గోడ కట్టుకోనిస్త అన్నడు. గోడ లేస్తే ఇగ మార్తమ్మ కాడికి పోయే దారే ఉండదు. అప్పుడే కాకా డిస్కు పట్టుకొని పటాన్‌చెరు పోయింది, వాడు ఖాళీ అన్నది.

అక్కడి నుంచి సీదా నా కాడికి వచ్చిండు. నేను డిస్కు వెనక దిక్కు వెలుతురుకు పెట్టి చూసిన. ఎక్కినంత మేర రంగు తేడా ఉంటది. అంచు దాక నిండి ఉన్నది. బంద్ చెయ్యలేదు గనుక కొన్ని కంప్యూటర్లకు కనబడదు, అంతే. అటక మీద పడేసిన పాత డ్రైవ్ తీసి, దుమ్ము దులిపి, వైర్లు తగిలించి పెట్టిన. మధ్యాహ్నం దాక గరగర అన్నది. ఆఖరుకు ఒక్కటే ఫైలు బయటపడ్డది, పదకొండేండ్లు అండ్లనే. దాని పేరు చివర వీఆర్వో అని ఉన్నది. భూమి లొల్లిల ఆ పేరు చూసి కాకా కూడా నవ్విండు.

ఇగ నేను చేసిన పాడు పని చెప్పాలె. ఫైలును సరిగ్గ మార్చాలంటే టైము పడుతది. నాకు పెండ్లి ఆల్బమ్ పని ఒకటి నెత్తి మీద ఉన్నది. ఫైలు పేరు చివర ఆ మూడక్షరాలు తీసేసి, మామూలు వీడియో పేరు తగిలించిన. నా కంప్యూటర్ల సక్కగ ఆడింది. ఎందుకు ఆడదు, నా కంప్యూటర్ల అన్ని రకాల సాఫ్ట్‌వేర్లు ఉన్నయి. ఇగ అయిపోయింది కాకా అని భుజం తట్టి పెన్‌డ్రైవ్ చేతుల పెట్టిన.

గురువారం నేను కూడా పోయిన. సారు కంప్యూటర్ల పెడితే బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. మనుషులు నిలబడుతున్నరు, నోర్లు ఆడుతున్నయి, ఒక్క పేరు ఇనబడదు. సారు అయిదు నిమిషాలు చూసిండు. ఇది ఏ ఊరి బొందలగడ్డ, ఎవరి సమాధులు, నాకెట్ల తెలుస్తది అన్నడు. పక్కన కూసున్న చార్లీ, యాడిదో పాత వీడియో సార్ అని అన్నడు. చెప్పు దీసి కొడుదునా అనిపించింది. గానీ ముందు నన్ను నేను కొట్టుకోవాలె. పేరు మారిస్తే ఫైలు మారుతదా? లోపల సౌండు డీవీడీ రకంది, ఆ ఆఫీసు కంప్యూటరుకు అది అర్థంకాదు. ఇరవై ఏండ్లు ఇదే పనిల ఉన్నోన్ని, నాకు తెల్వదా? తెల్సి కూడా బద్ధకం చేసిన. పటాన్‌చెరోనికి నాకు ఏం ఫరక్? వాడు ఖాళీ అన్నడు, నేను మూగదాన్ని చేసి ఇచ్చిన.

కాకా నన్ను తిట్టినా బాగుండు. ఆయన మాత్రం సారు కాళ్ళ మీద పడ్డంత పని చేసి సోమవారం దాక గడువు అడుక్కున్నడు.

ఆల్బమ్ పని పక్కకు పారేసిన. రెండు దినాలు షట్టరు సగం దించి కూసున్న. బొమ్మను, సౌండును రెండింటినీ ఎంపీ ఫోర్‌లకు మార్చిన, ఏ ఏడుకు ఆ ఏడు ముక్కలు చేసిన. నస్రీన్ ఫోన్ల ఆడించి చూసిన, పక్క మెడికల్ షాపు కంప్యూటర్ల చూసిన, ఛాయ్ హోటల్ టీవీల కూడా పెట్టి చూసిన. అన్నిట్ల సౌండు వచ్చింది. అప్పుడే మొదటిసారి ఆ పేర్లన్నీ చెవులు పెట్టి విన్న. 2010 ముక్క కాడికి వచ్చేసరికి నా అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళ ఎనుకకు జరిపి చూసిన. ఆ మనిషే.

కాకాను పిలిచి చూపెట్టిన. ఆయనకు ముందే ఎరుక. కెమెరా పట్టుకున్నది ఆయననే గదా. ముందుగాల ఆ ముక్క పెట్టకు బిడ్డా, మార్తమ్మది పెట్టు, అది చూసినంక వాడే ఒప్పుకుంటడేమో అన్నడు. నాకు తిక్క లేచింది. గసొంటోనికి ఇంకో అవకాశమెందుకు కాకా అని కొట్లాడిన. ఆయన ఇనలేదు.

సోమవారం సారు ముందట 2014 పెట్టిన. చర్చి వెనక గోడ, గోడల గుండ్రటి కిటికీ, కిటికీ కింద తూర్పు దిక్కు కొత్త మట్టి దిబ్బ. మనిషి కనబడడు, కెమెరా వెనక నుంచి గొంతు వస్తది. మార్తమ్మ, అబ్రహాము భార్య, యేసోబు కోడలు. చెప్తుంటే కెమెరా ఊగింది. అందరూ ఆమెన్ అన్నరు. చార్లీ కుర్చీల సర్దుకొని, అది పడమటి దిక్కు సార్, కిటికీలు రెండు దిక్కుల ఉన్నయి, తూర్పు దిక్కు ఎవరూ లేరు అన్నడు.

కాకా నా దిక్కు చూసి తలకాయ ఊపిండు. 2010 పెట్టిన.

అదే కిటికీ. అప్పుడే పొడుస్తున్న పొద్దు వెలుగు సీదా దాని మీద పడుతున్నది, దిక్కేదో ఎవరూ చెప్పనక్కరలేదు. కింద సున్నం తడి ఆరని దిబ్బ, దాని పక్కన చేతులకు సున్నం అంటుకున్న చార్లీ, సన్నగ, కండ్లల్ల నీళ్ళతోని. గొంతు ఎత్తి చెప్పిండు. ఓదెలు, మా నాయిన, నేను పెద్దకొడుకు చార్లీని. ఆ తర్వాత 2011, 2012, 2013. 2018 దాక ప్రతి ఏడు అదే జాగల నిలబడి అదే మాట చెప్పిండు. తండ్రి మీదికి జేసీబీని పంపి, అక్కడ ఎవరూ లేరని సంతకం పెట్టిండు వీడు. ఒక రేకుల షెడ్డుకు!

సారు కాయితంల సంతకం చూసిండు, మళ్ళ కంప్యూటర్ చూసిండు. అప్పుడు కాకా మెల్లగ అడిగిండు.

"చార్లీ, వచ్చే ఈస్టరుకు మీ నాయిన పేరు యాడ నిలబడి చెప్తవురా?"

చార్లీ లేచి పోయిండు. సారు గోడ పని ఆపమని రాసిండు. సర్వేయరును పిలిపించి, వీడియోల కిటికీ నుంచి ఎంత దూరమో చూసుకుంట పద్నాలుగు జాగలల్ల గుర్తుకు కట్టె ఖూంటలు పాతిచ్చిండు. ఖూంటలు వచ్చినయి, దిబ్బలు అయితే రాలేదు. జేసీబీ నడిపించినోళ్ళకు ఏం కాలేదు. దాని మీద నా కోపం అట్లనే ఉన్నది, ఉంటది.

ఈస్టరుకు కాకా నన్నే కెమెరా పట్టమన్నడు. పొద్దు పొడుస్తుండంగ ఒక్కో ఖూంట కాడ నిలబడి పేర్లు చెప్పిన్రు. మార్తమ్మ పేరు ఆయన చెప్పిండు. ఓదెలు ఖూంట కాడికి వచ్చేసరికి ఎవరూ ముందటికి రాలేదు. చార్లీ రాలేదు, వాని ఇంటోళ్ళు రాలేదు. నాకు లోపల లోపల సంతోషమే అయింది, ఖాళీగ ఉండనీ, ఊరంతా చూడనీ అనుకున్న. కెమెరా బంద్ చేసిన.

కాకా పోయి ఆ ఖూంట పక్కన నిలబడ్డడు. కెమెరా బంద్ అయిందని చూసి, పెట్టుమని చేత్తోని సైగ చేసిండు. నాకు మనసొప్పలేదు, అయినా బటన్ ఒత్తిన.

"ఓదెలు," అన్నడు అబ్రహాము కాకా. "చార్లీ వాళ్ళ నాయిన."