అట్టలు లేని ముప్పై ఏళ్లు

బేరంలో నన్ను మించినవాళ్లు అఫ్జల్‌గంజ్‌లో లేరనడానికి నా దగ్గర రుజువుంది. ఒక మాసపత్రిక ముప్పై ఏళ్ల సంచికలను, ఏడాదికొకటిగా గట్టి అట్టలతో కుట్టించినవాటిని, కిలో పదకొండు రూపాయలకు కొన్నాను. అది కూడా అట్టలు కోయించి, వాటి బరువు తీసేయించి! కాగితానికి డబ్బిస్తాను గానీ అట్టకెందుకిస్తాను? ఆ తెలివితోనే నాన్న వదిలివెళ్లిన దుకాణాన్ని ముంచాను.

మాది పత్రికల దుకాణం. ఇటు తాళ్ల వ్యాపారి, అటు స్టీలు సామాన్ల వ్యాపారి, మధ్యలో మేము. నాన్న పత్రికలను కూరగాయల్లా చూసేవాడు. దినపత్రిక పదింటికల్లా వాడిపోతుంది. వారపత్రిక సీరియల్ బాగున్నన్నాళ్లే నిలబడుతుంది. సినిమా పత్రిక కటింగ్ షాపుకు, భక్తి పత్రిక పూజగదికి, ఉద్యోగ ప్రకటనలది డిగ్రీ అయి ఖాళీగా కూర్చున్నవాళ్లకు, కులసంఘం పత్రిక చివరి పేజీలోని పెళ్లి సంబంధాలకు.

“ఎవరు ఎందుకు కొంటరో తెలిస్తే సాలు బిడ్డా, లోపల ఏమున్నదో మనకెందుకు?” అనేవాడు. నేనూ ఎన్నడూ లోపల చూడలేదు.

ఇప్పుడా అవసరాలన్నీ ఫోనులోకి వెళ్లిపోయాయి. దుకాణం యజమాని ఒకరోజు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆపా, కాగజ్ కా ధందా ఖతం. కాగితాల యాపారం ఇంకెక్కడిది? నెలాఖరుకు ముప్పై వేలు అడ్వాన్సు కట్టు. లేకుంటే మొబైల్ కవర్లోడు తయారుగున్నడు.”

ఆ వారమే పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి ఆ మాసపత్రికను వెతుక్కుంటూ వచ్చింది. పూర్తి సెట్టు ఇంకెక్కడా లేదట. దొరికితే వాళ్ల లైబ్రరీ ముప్పై వేల దాకా ఇస్తుందట. ఆ పత్రికను నెలనెలా మా దగ్గర కొన్నది ఒకే ఒక్క మనిషి, మాదన్నపేటలో ఉండే రిటైర్డు లెక్చరరు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు చిన్న ఇంటికి మారుతున్నాడని విని, పాతసామాన్ల భాయ్‌ని కాంటాతో సహా ఆటో ఎక్కించుకుని వెళ్లాను. లైబ్రరీ మాట మాత్రం ఎత్తలేదు.

ఆయన పదిహేను అన్నాడు. నేను ఎనిమిదన్నాను. పదకొండు దగ్గర ఆగాం. అప్పుడు అట్టల సంగతి తీశాను.

“వద్దమ్మా, కుట్టు విప్పితే ఏ సంచిక ఏదో తెలీదు. అట్టల కింద అందాజుగా ఎనిమిది కిలోలు తీసేయ్. అలాగే పట్టుకెళ్లు.”

మా వీధిలో అమ్మేవాడు అంత తొందరగా తగ్గాడంటే ఎక్కడో నొక్కేస్తున్నట్టే.

“అందాజు మాకు పడదు సార్. కాంటా మీద తేలాలె.”

“వద్దని చెబుతున్నానమ్మా!”

“కోసెయ్ భాయ్.”

భాయ్ కత్తి తీసి కుట్టుతో సహా కోసేశాడు. ముప్పై అట్టలు వేరుగా తూచాం. తొమ్మిది కిలోలు! ఆయన లెక్క కంటే ఒక కిలో ఎక్కువ. చూశారా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన అట్టల వీపు మీద బంగారు రంగులో ఉన్న సంవత్సరాలను చూస్తున్నాడు. అట్టలు అక్కడే వదిలేసి, కాగితాలు బస్తాల్లో కుక్కి తెచ్చుకున్నాను.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి బస్తా విప్పింది. ఒక కథ దొరికిందని మురిసిపోయింది. అంతలోనే ముందుకూ వెనక్కూ తిప్పడం మొదలుపెట్టింది.

“అక్కా, ఇది ఏ నెలది?”

నాకేం తెలుసు? బైండరు కుట్టేటప్పుడు సంచికల ముఖచిత్రాలు చించేశాడు. నెల, సంవత్సరం వాటి మీదే ఉండేవి. లోపల ప్రతి సంచికా ఒకటో పేజీ నుంచే మొదలు. బస్తాలో అన్నీ కలిసిపోయి ఇప్పుడు నా దగ్గర పద్నాలుగో పేజీలే మూడువందల అరవై ఉన్నాయి.

“సగానికి ఇస్త తీ. నీకు కథే కదా కావాలె?”

“కథ ఎప్పుడొచ్చిందో చెప్పకుంటే నా రాతను ఎవరు నమ్ముతరక్కా? ఊరికే ఇచ్చినా లైబ్రరోళ్లు తీసుకోరు.”

అట్టల కోసం మాదన్నపేటకు పరిగెత్తాను. ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన వాటిని అప్పుడే చెత్తబండికి వేసేశాడు. తిట్టలేదు. కళ్లజోడు సర్దుకుని నాతో వచ్చాడు. రెండు రోజులు బస్తాల మధ్య కూర్చుని నాలుగు సంచికలు జత చేశాడు.

“కథలు గుర్తున్నాయమ్మా, సంవత్సరాలే గుర్తులేవు. వారపత్రిక చదివి పారేయడానికి. దీన్ని మాత్రం ఎప్పుడైనా ఎవరైనా వెతుక్కుంటారని దాచాను.”

మూడో రోజు ఆయన రాలేదు. నేనూ పిలవలేదు.

నెలాఖరున కాగితాలను అదే భాయ్‌కి కిలో ఎనిమిది చొప్పున వేసి, తాళాలు యజమాని చేతిలో పెట్టాను. ఇక లెక్క. యాభై నాలుగు కిలోలు కొన్నందుకు ఐదువందల తొంభై నాలుగు. ఆటోకు నూట యాభై. అమ్మితే వచ్చింది నాలుగువందల ముప్పై రెండు. నష్టం మూడువందల పన్నెండు. ఆయన అందాజు ఒప్పుకుని అట్టలతో తెచ్చుకుని ఉంటే అదనంగా అయ్యేది ఒక కిలో, అంటే పదకొండు రూపాయలు. ఆ పదకొండు మిగిల్చాను. దుకాణం పోయింది. ఆ పత్రిక ఇంకెవరికీ దొరకదు. ఆయన రెండుసార్లు వద్దన్నాడు కాబట్టి, ఇందులో ఆయన ఖాతాకు వేయదగ్గది ఏమీ లేదు.