నల్లి బొక్క

కన్నకొడుకును చూసి కుళ్ళుకునే తండ్రిని మీరెక్కడా చూడకపోతే, ఒక ఆదివారం మధ్యాహ్నం కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌కు రండి. భోజనాల బల్ల దగ్గర మా నాయనకు ఎదురుగా మూతి ముడుచుకుని కూర్చునేవాణ్ణి నేనే.

ఆదివారం మా ఇంట్లో మటన్ తప్పదు. కూరలో పడ్డ నల్లి బొక్కలన్నీ మా నాయన ఏరి పక్కన పెట్టుకుంటాడు. ఒక్కొక్కటే పళ్ళెం అంచుకు టకటక కొట్టి, లోపలి మూలుగను బయటికి రప్పించి, నా కొడుకు నోట్లో పెడతాడు. "తిను బిడ్డా, బలమొస్తది" అంటాడు. బిడ్డా! ఆ మాట ఆయన నోటికి వచ్చని నాకు నలభై ఏళ్ళు దాటాకే తెలిసింది. స్కూల్ బస్సు దాకా వాడి బ్యాగు మోసేదీ ఆయనే. నా బడి ఏ వీధిలో ఉండేదో ఆయనకు తెలుసా అని నాకిప్పటికీ అనుమానమే.

"అసలు కంటే వడ్డీ ముద్దు కదండీ" అని నా భార్య నవ్వుతుంది. నవ్వదా మరి, వాళ్ళ నాన్న భుజాలెక్కి పెరిగిన మనిషి. ఇక్కడ ఆ అసలు నేనే. నా కడుపుమంట నాది.

నా చిన్నప్పుడు మూసాపేటలో ఒంటిగది కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నాయన ఫ్యాక్టరీ నుంచి వస్తే నేనూ అక్కా గొంతు తగ్గించేవాళ్ళం. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎప్పుడో మటన్ వండితే అందులో నల్లి బొక్క ఒక్కటే ఉండేది. అమ్మ పొయ్యి దగ్గరే మా చెవిలో వేసేది: "నాయన పొద్దంత ఇనుముతోని కొట్లాడి వస్తడు. ఇయ్యబోతే మాకొద్దు అనుండ్రి." అలాగే అనేవాళ్ళం. తర్వాత ఆ టకటక వింటూ నేను గుటకలు మింగేవాణ్ణి.

మొన్న ఆదివారం నా మొహం చూసి నా భార్యకు చిలిపితనం పుట్టింది.

"మావయ్యగారూ, ఒక్కసారి మీ అబ్బాయికి కూడా పెట్టండి. ఎలా చూస్తున్నారో చూడండి పాపం."

నాయన తల ఎత్తలేదు. "వానికి నచ్చదమ్మా. చిన్నగున్నప్పుడు ఎన్నిసార్లు ఇయ్యబోయినా వద్దనెటోడు. నా చేతిది తినబుద్ధి కాదేమో అనుకున్న. ఇగ అడుగుడు బంద్ చేసిన."

 నా పళ్ళెం ఆయన ముందుకు జరిపాను.

"నాకిష్టమే నాయనా. అమ్మ అనమంటే వద్దన్న."

అమ్మ పోయి రెండేళ్ళయింది. నాయన తల ఎత్తి నన్ను చూశాడు. "గట్లనా" అన్నాడు. మిగిలిన ఒక్క బొక్కా తీసి నా పళ్ళెం అంచుకు కొట్టాడు. రెండుసార్లు గురి తప్పింది. మూలుగ నా అన్నం మీద పడింది.

"తిను బిడ్డా."

"తాతా, అది నాది!" అన్నాడు నా కొడుకు. వాడి కళ్ళు నా పళ్ళెం మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను వాడి తండ్రినన్న సంగతీ గుర్తుంది.

అయినా వాడికి పెట్టలేదు. మొత్తం నేనే తిన్నాను.